ఐసీయూ డ్యూటీ చేస్తూనే పీజీ: నర్స్ ప్రాక్టీషనర్ కోర్సులో నా అనుభవం

బీఎస్సీ నర్సింగ్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ ఐసీయూలో చేరాను. కొన్నాళ్లకి పని చేతికొచ్చింది. ఏ అలారం కఫం సక్షన్ చేసి లాగేస్తే ఆగుతుందో, దేనికి డాక్టర్‌ని నిద్ర లేపాలో తెలిసిపోయింది. కానీ బీపీ పెంచే మందు గురించి "నోరాడ్రినలిన్ ఎందుకు పెంచాం సార్?" అంటే "బీపీ పడిపోయింది కదా సిస్టర్" అనేవారు. బీపీ పడిపోయిందని చెప్పిందే నేను. ఎందుకు పడిపోయిందో నాకు కావాలి. పీజీ ఆలోచన అక్కడ మొదలైంది.

జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసినవాళ్లకీ, బీఎస్సీ వాళ్లకీ క్రిటికల్ కేర్ నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది. ఎమ్మెస్సీలో మెడికల్ సర్జికల్ తీసుకుని అందులో క్రిటికల్ కేర్ చేయొచ్చు. మూడోది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ తెచ్చిన నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్. రెండేళ్ల రెసిడెన్సీ, ఇదీ పీజీ డిగ్రీయే. బీఎస్సీ, రిజిస్ట్రేషన్, కనీసం ఏడాది క్లినికల్ అనుభవం ఉండాలి. మా అమ్మ ఎమ్మెస్సీ వైపే లాగింది. "కాలేజీలో పాఠాలు చెప్పుకుంటే నైట్లు ఉండవు కదే" అంది. నిజమే, ఎమ్మెస్సీ చేసినవాళ్లలో చాలామంది ట్యూటర్లుగా వెళ్లిపోతారు. నాకు బెడ్‌సైడ్ వదలాలని లేదు, అందుకే మూడోది ఎంచుకున్నాను.

అప్లికేషన్ కంటే కాగితాలకే ఎక్కువ తిరిగాను. పాత ఆసుపత్రి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇవ్వడానికి హెచ్ఆర్ చుట్టూ తిప్పించుకుంది. ఇలా చదవాలనుకునేవాళ్లు ఉద్యోగంలో ఉండగానే ఆ సర్టిఫికెట్ సంగతి కదపండి. మా బ్యాచ్‌లో బెంగళూరులో చదివిన అమ్మాయికి ఇంకో తలనొప్పి: కర్ణాటక కౌన్సిల్ నుంచి తెలంగాణకి రిజిస్ట్రేషన్ మార్పించుకోవాలి. మన పిల్లలు అక్కడ చదివేవాళ్లు ఎక్కువ కాబట్టి చెబుతున్నాను, సీటు వచ్చేదాకా ఆగకుండా ముందే మొదలుపెట్టుకోండి.

మొదటి ఏడాది అడ్వాన్స్‌డ్ పాథోఫిజియాలజీ, ఫార్మకాలజీ, ఫిజికల్ అసెస్‌మెంట్. క్లాసులు తక్కువ, డ్యూటీ ఎక్కువ. ప్రతి స్కిల్‌కీ లాగ్‌బుక్‌లో ప్రిసెప్టర్ (పక్కనుండి పని నేర్పే సీనియర్) సంతకం పడాలి. నా ప్రిసెప్టర్ ఒక మలయాళీ సీనియర్, అందరికీ చేచీ, అంటే అక్క. ఏబీజీ (ధమని రక్తంలో వాయువులు, ఆమ్లం చూసే పరీక్ష) రిపోర్టు చేతిలో పెట్టి, పేషెంట్ వైపు చూడనివ్వకుండా చదవమనేది. పీహెచ్ 7.35 లోపు (అంటే రక్తంలో ఆమ్లం ఎక్కువ), ఆ ఆమ్లాన్ని తట్టుకునే బైకార్బ్ 12 ఉంటే "సీఓటూ ఎంతుండాలి?" అని అడిగేది. బైకార్బ్‌ని ఒకటిన్నరతో గుణించి 8 కలిపితే 26. రెండు అటూ ఇటూ పర్వాలేదు. రిపోర్టులో 38 ఉందంటే పేషెంట్ గట్టిగా ఊపిరి తీసి సీఓటూని దించుకోలేక అలసిపోతున్నాడన్నమాట. అంతకుముందు నేను ఆ 38ని 'నార్మల్' అని రాసి పక్కన పెట్టేదాన్ని, ఎందుకంటే చార్టులో 35 నుంచి 45 నార్మలే.

వెంటిలేటర్ పాఠం కూడా అలాంటిదే. టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరికి ఇచ్చే గాలి) కిలోకి 6 మిల్లీలీటర్లు అని అందరూ అంటారు, కానీ ఏ కిలో? పేషెంట్ బరువు కాదు, ఎత్తుని బట్టి లెక్కగట్టిన బరువు. 150 సెంటీమీటర్ల ఎత్తు, 80 కిలోల బరువున్న ఆవిడకి అసలు బరువు మీద లెక్కేస్తే 480 వస్తుంది. ఎత్తు మీద లెక్కేస్తే దాదాపు 43 కిలోలు, అంటే 260. దాదాపు సగం. 2000లో వెలువడిన అమెరికా ట్రయల్‌లో 861 మంది ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న) పేషెంట్లని రెండు గుంపులు చేస్తే, కిలోకి 12 ఇచ్చినవాళ్లలో మరణాలు 39.8 శాతం, 6 ఇచ్చినవాళ్లలో 31 శాతం. ఈ లెక్క నేర్చుకున్న రోజు నుంచి ఎత్తు కొలవడానికి నా జేబులో టైలర్ టేపు ఉంటోంది. ఆయమ్మలు మొదట్లో "బ్లౌజు కొలతలా సిస్టరమ్మా?" అని నవ్వేవారు. ఇప్పుడు కొత్త అడ్మిషన్ వస్తే వాళ్లే మడమ దగ్గర కొస పట్టుకుంటారు.

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పినవి పురుగుల మందు కేసులు. పత్తి పండే జిల్లాల నుంచి రిఫర్ అయి వస్తారు. నోట్లోంచి నురగ, సూది మొనంత కంటిపాపలు, ఒళ్లంతా చెమట. విరుగుడుగా అట్రోపిన్ మొదలుపెట్టి, సరిపోకపోతే ఐదేసి నిమిషాలకి డోసు రెట్టింపు చేస్తూ పోతాం. ఎక్కడ ఆపాలి? నేను పాపలు పెద్దవయ్యాయా అని టార్చి వేసి చూసేదాన్ని. చేచీ నా చేతిలో టార్చి తీసుకుని స్టెతస్కోపు పెట్టింది. ముందు ఊపిరితిత్తులు వినాలి, గురగుర పోయిందా? తర్వాత చంక తడిమి చూడాలి, పొడిగా ఉందా? గుండె వేగం, పై బీపీ 80 దాటాయా? పాపలు నిదానంగా విప్పారతాయి, వాటి కోసం మందు పోస్తూ కూర్చుంటే మనిషికి మతి చలించి మంచం మీంచి దూకుతాడు.

రెండో రోజో, మూడో రోజో ఇంకో గండం ఉంటుంది. పేషెంట్ తేరుకుంటాడు, మాట్లాడతాడు, ఇంటివాళ్లు వార్డుకి ఎప్పుడు మారుస్తారని అడుగుతుంటారు. అప్పుడే మెడ కండరాలు నీరసించి, ఆ నీరసం మెల్లగా శ్వాస కండరాలదాకా పాకుతుంది. మానిటర్‌లో ఆక్సిజన్ పడిపోయేదాకా ఏమీ కనిపించదు. కనిపెట్టడానికి మిషను అక్కర్లేదు. "బాబాయ్, తలగడ మీంచి ఒకసారి తల లేపండి" అని అడగాలి. లేపలేకపోతే శ్వాసనాళంలో ట్యూబ్ వేసే సామాను పక్కన పెట్టుకుని డాక్టర్‌కి ఫోన్ చేయాలి. నేను ప్రతి షిఫ్టులో ముందు డ్యూటీ వాళ్ల నుంచి ఓవర్ తీసుకోగానే ఇది అడుగుతాను, కేస్ షీట్‌లో టైముతో రాస్తాను.

థీసిస్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. శ్వాస ట్యూబ్ చుట్టూ ఉండే గాలి బుడగ, అంటే కఫ్, ప్రెషర్ 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య ఉంటోందా అన్నది నా టాపిక్. కొలవడం సులువే. ఎథిక్స్ కమిటీ అనుమతికీ, తెలుగు కన్సెంట్ ఫారం సరిదిద్దించుకోవడానికీ ప్రాణం పోయింది. మత్తులో ఉన్న పేషెంట్ తరఫున కొడుకు సంతకం పెట్టాలి, అతనేమో "ఆపరేషనా సిస్టర్?" అని టెన్షన్ పడతాడు. ఆ ఫారంలో 'పరిశోధన' అనే మాట చూసి భయపడని అటెండెంట్‌ని నేను చూడలేదు.

డబ్బు సంగతి చేరకముందే అడగండి. ఇది రెసిడెన్సీ, అంటే చదువుతోపాటు డ్యూటీ. స్టాఫ్ నర్సు జీతం లాంటిది ఇవ్వాల్సిన చోట కొన్ని కాలేజీలు ఫీజు పేరుతో దాన్ని మళ్లీ లాగేసుకుంటాయి. స్టైపెండ్ కాగితం మీద రాయించుకోవాలి. క్లినికల్ ప్రిసెప్టర్‌గా ఎవరుంటారో పేరు అడగాలి. పేరు చెప్పలేకపోతే ఆ రెండేళ్లూ మీరు మామూలు నైట్ స్టాఫ్‌గానే పనిచేస్తారు.

ఇక ఉద్యోగం. 2017 జాతీయ ఆరోగ్య విధానంలో నర్స్ ప్రాక్టీషనర్ కేడర్ అన్న మాట ఉంది. నా అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో మాత్రం సీనియర్ స్టాఫ్ నర్స్ అని రాసి ఉంది. మందులు సొంతంగా రాసే అధికారం నాకు లేదు, ఆసుపత్రి స్టాండింగ్ ఆర్డర్స్ (ఏ పరిస్థితిలో ఏ మందు ఇవ్వాలో ముందే రాసిపెట్టిన ఆదేశాలు) ఉన్నంతవరకే. మా ఐసీయూలో వాటిని రాయించుకోవడానికి నేనూ, ఒక డాక్టర్ మేడమ్ కూర్చుని పొటాషియం కరెక్షన్‌తో మొదలుపెట్టాం. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి)ది ఇంకా మెడికల్ సూపరింటెండెంట్ టేబుల్ మీదే ఉంది.