నలుగురికీ ఒకటే సూది

"పిన్నీ, నా ఫ్రెండ్‌కి ఒక డౌట్" అన్నాడు అక్క కొడుకు, అమీర్‌పేటలో మెట్రో మారుతుంటే. మే నెల ఎండలో పొడుగు చేతుల చొక్కా వేశాడు. ఆ ఫ్రెండ్ ఎవరో అప్పుడే అర్థమైంది నాకు.

చొక్కా చెయ్యి పైకి జరిపితే మణికట్టు మీద ఓ తేలు టాటూ. ఇంకా ఎర్రగా వాచి ఉంది. మొన్న రాత్రి ఒకడి గదిలో నలుగురు ఇంటర్ పిల్లలు, ఆన్‌లైన్‌లో కొన్న మెషీన్, నలుగురికీ ఒకటే సూది. వీడి వంతు మూడోది.

హెచ్ఐవీ ఎలా సోకుతుందో గడగడా అప్పజెప్పాడు. పరీక్షలో రెండు మార్కులకి రాశాడట కూడా! ఆ సూది, ఈ సూది ఒకటేనని మాత్రం తట్టలేదు. మన చదువులు ఇలాగే ఏడిశాయి.

ప్లాట్‌ఫాం మీదే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేశాం. ఎవరూ తిట్టలేదు, పేరు కోసం ఒత్తిడి చెయ్యలేదు. అటునుంచి అటే గాంధీ ఆస్పత్రికి. నివారణ మందులు అవసరమా కాదా అన్నది డాక్టర్ తేలుస్తారు. వాడాల్సి వస్తే, సూది గుచ్చుకున్న 72 గంటల్లోపే మొదలుపెట్టి 28 రోజులు ఆపకుండా వేసుకోవాలి. మిగతా ముగ్గురికీ వాడి చేతే ఫోన్ చేయించాను.

హెచ్ఐవీ టెస్టుకి అమ్మదో నాన్నదో సంతకం కావాలి, వాడికింకా 18 నిండలేదు. వాడి టెన్షనంతా అక్కడే. రోగం కన్నా అమ్మంటేనే ఎక్కువ భయం.

అక్క ఆటో దిగి, తేలుని చాలాసేపు చూసింది.

"ఇది చెరిగిపోతుందా?" అంది.