బాబాయ్ రిజిస్టర్‌లో మోటార్ల ఆయుష్షు

ఆటోనగర్‌లో మా బాబాయ్ మోటార్ రివైండింగ్ షాపు రిజిస్టర్ ఎక్సెల్‌లోకి ఎక్కించి ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూశా, ఇచ్చిన తేదీ, కాలిపోయి తిరిగొచ్చిన తేదీ, అంతే డేటా. అసలు కిటుకంతా తిరిగి రాని మోటార్ల దగ్గరే ఉంది, అవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి కదా, వాటిని తీసేస్తే ఆయుష్షు ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తది, అందుకే సెన్సార్డ్ (అంటే ఇంతవరకు నడిచింది, ఎప్పుడు పోతుందో ఇంకా తెలీదు) అని మార్క్ చేసి ఉంచాలి, మిగతా లెక్క ఆర్‌లోని సర్వైవల్ ప్యాకేజీ చూసుకుంటది.

తర్వాత వైబుల్ ప్లాట్ గీశా, అంటే ఎన్నాళ్లకి ఎంత వంతు పోయాయో చుక్కలు పెట్టే గ్రాఫ్, అన్నీ ఒకే తీరున పోతుంటే చుక్కలు ఒక తిన్నని గీత మీదకి వస్తాయి. స్వీడన్ ఇంజినీర్ వైబుల్ 1951 పేపర్‌లో మన ఇండియా పత్తి పోగుల బలం కూడా ఒక ఉదాహరణ, గుంటూరోణ్ణి కదా, చదివి భలే మురిసిపోయా! ఆ గీత వాలునే షేప్ విలువ అంటారు, అది 1 కంటే తక్కువైతే మొదట్లోనే పోయే రకం, 1 దాటితే అరుగుదల. మా చుక్కలేమో ఒక గీత మీదకి రాలా, మధ్యలో వంగాయి.

బాబాయ్‌కి చూపిస్తే "ముందు పోయినవి వానాకాలంలో వార్నిష్ సరిగ్గా ఆరనివిరా, వెనకవి బేరింగులు" అన్నాడు చూడగానే. కారణాల వారీగా విడగొట్టి, ఒకటి గీసేటప్పుడు రెండోదాన్ని సెన్సార్డ్‌గా పెట్టి మళ్లీ గీస్తే రెండూ దాదాపు తిన్నగా వచ్చాయి. ఉత్త సగటు చూసి వారంటీ రాసేవాళ్లు ఒక్కసారి ఇలా గీసి చూడండి ప్లీజ్. ఈ వానాకాలం నుంచి బాబాయ్ వార్నిష్ ఆరబెట్టే టైం పెంచుతున్నాడు.