హార్మణి చేతులతో బాఖ్: పైప్ ఆర్గన్ మీద 639 సాధన

చర్చిలో కాలి హార్మణో, కీబోర్డో వాయించి పైప్ ఆర్గన్ దగ్గరికి వచ్చేవాళ్లు జర్మన్ స్వరకర్త బాఖ్ 'ఇఖ్ రూఫ్ త్సు దియర్'తో, అంటే ఆయన రచనల జాబితా బి.డబ్ల్యు.వి.లో 639వ దానితో, మొదలుపెట్టడం మేలు. నేనూ అలాగే చేశాను. సంఘం పాడబోయే కీర్తన రాగాన్ని ముందుగా వినిపించే కోరల్ ప్రిల్యూడ్ ఇది. 'ఓర్గెల్‌బ్యూఖ్‌లైన్' (చిన్న ఆర్గన్ పుస్తకం) కోసం బాఖ్ 164 కోరల్స్‌కు, అంటే అలాంటి సంఘ కీర్తనలకు, చోటు కేటాయించుకుని 46 మాత్రమే రాశాడు. వాటిలో ఎక్కువ 1708–1717 మధ్య జర్మనీలోని వైమార్ ఆస్థానంలో ఉన్నప్పటివే. ఈ పుస్తకం నేర్చుకునే ఆర్గనిస్టుకు పెడల్ (పాదాలతో వాయించే మెట్లు) సాధన కోసమని మొదటి పేజీలో ఆయనే రాసుకున్నాడు.

ఈ 639లో ఉన్నవి మూడు వరుసలే. కుడిచేతిలో రాగం, ఎడమచేతిలో ఆగని పదహారో వంతు స్వరాలు, పాదాల్లో ఎనిమిదో వంతు స్వరాలు. చేతిహార్మణి వాళ్లకు ఎడమచేయి బెలోస్‌కే (గాలితిత్తికే) అలవాటు కాబట్టి అసలు కష్టం అక్కడే. అందుకే రాగాన్ని పక్కన పెట్టి, ముందు ఎడమచేతినీ పెడల్‌నీ కలిపాను. నేను ఎవరితోనైనా మాట్లాడుతున్నా ఆ రెండూ తప్పు లేకుండా సాగాకే కుడిచేయి. మెట్రోనోమ్ మీద నాలుగో వంతు స్వరానికి నిమిషానికి 40 దగ్గర చాలు.

బెంచీ ఎత్తు ముందే చూసుకోవాలి: మడమలు పెడల్స్‌ను తాకాలి, నొక్కకూడదు. కిందికి చూడకుండా స్వరం పట్టడానికి నల్ల పెడల్స్ మధ్య ఖాళీలు ఉన్నాయి. ప్రతి సప్తకంలో రెండే పెద్ద ఖాళీలు. బొటనవేలు అందులో దూరిస్తే ఎక్కడున్నామో తెలుస్తుంది. పలచని అడుగు, అంగుళం మడమ ఉన్న బూట్లు ఆర్గన్‌కే ఉంచుకోవాలి. వీధి ఇసుక పెడల్ చెక్కను గీకేస్తుంది.

ఈ పెడల్ వరుసలో ఒకే స్వరం వెంటవెంటనే మళ్లీ వస్తుంది. గట్టిగా నొక్కినా ఆర్గన్ శబ్దం పెరగదు, ఎంతసేపు నొక్కి ఉంచినా తగ్గదు. మొదటి స్వరాన్ని సగంలో వదిలితేనే రెండోది వినిపిస్తుంది. లేకపోతే రెండూ అతుక్కుని ఒకటే పొడుగు స్వరం.

స్టాపులు, అంటే పైపుల వరుసలను తెరిచే మీటలు (అడుగుల అంకె శ్రుతిని చెబుతుంది; 16 అంటే 8 కన్నా ఒక సప్తకం కింద): ఎడమచేతికి 8 అడుగుల మెత్తని ఫ్లూట్, కుడిచేతికి వేరే మాన్యువల్ (చేతి కీబోర్డు) మీద 8 అడుగుల ప్రిన్సిపల్ (ఆర్గన్ అసలు నాదం), ఇష్టమైతే స్వరాన్ని వణికించే ట్రెమ్యులెంట్. పెడల్‌కు 16తో పాటు 8 కూడా బయటికి లాగాలి. 16 ఒక్కటే అయితే హాలంతా గుయ్యిమంటుందే తప్ప స్వరం తెలియదు. కుడిచేతికి రీడ్ (లోహపు నాలుక కంపించి మోగే పైపులు) పెడితే శ్రుతి చూసుకోండి. ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే ఫ్లూ పైపులు (పిల్లనగ్రోవిలా మోగేవి) సుమారు 3 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) ఎక్కుతాయి, రీడ్‌లు దాదాపు అక్కడే ఉంటాయి.

పైపులు దూరంగా ఉంటే శబ్దం ఆలస్యంగా చెవిన పడుతుంది. దానికోసం ఆగితే లయ జారుతుంది. మీరు వాయిస్తుండగా ఎవరినైనా హాలు మధ్యలో కూర్చోబెట్టండి. బెంచీ దగ్గర సరిపోయిందనిపించిన 16 అడుగుల స్టాపు అక్కడ రాగాన్ని మింగేస్తుంటే, ఇంకా మెత్తనిది వెతకాలి.