మా అపార్ట్‌మెంట్‌లో వీల్‌చైర్ ర్యాంప్ కట్టించిన కథ

గుంటూరులో మా అపార్ట్‌మెంట్‌కి లిఫ్ట్ ఉంది, కానీ లిఫ్ట్ దగ్గరికి వెళ్ళాలంటే మూడు మెట్లెక్కాలి. నాన్నకి స్ట్రోక్ వచ్చేదాకా ఆ మెట్లు ఎవరికీ కనపడలేదు. ఫిజియోథెరపీకి తీసుకెళ్ళిన ప్రతిసారీ వాచ్‌మన్, పక్కింటి కుర్రాడు కలిసి కుర్చీతో సహా ఎత్తేవాళ్ళు, ఆయనేమో భయంతో కళ్ళు మూసుకునేవారు.

ర్యాంప్ కట్టిద్దామని మేస్త్రీని పిలిస్తే ఆరడుగుల పొడవు చాలు సార్, బండి ఈజీగా ఎక్కేస్తది అన్నాడు. ఎక్కుద్ది, బండికి ఇంజనుంది మరి! కేంద్రం 2021లో తెచ్చిన హార్మొనైజ్డ్ గైడ్‌లైన్స్ (వికలాంగులు కూడా వాడుకునేలా భవనాలు ఎలా కట్టాలో చెప్పేవి) చూస్తే అంగుళం ఎత్తుకి కనీసం 12 అంగుళాల పొడవుండాలి, మా మెట్లు మొత్తం 18 అంగుళాలు కాబట్టి 18 అడుగుల ర్యాంప్, తిన్నగా కడితే గేటుకి అడ్డం వస్తుంది, అందుకని మధ్యలో మలుపు, అక్కడ కుర్చీ తిరగడానికి 5 అడుగుల చదును, మొత్తమ్మీద ఒక కారు పట్టే జాగా పోద్ది.

ఇక అసోసియేషన్ మీటింగ్‌లో గొడవే గొడవ. విజిటర్స్ పార్కింగ్ ఎలా ఇస్తామండీ, ఆరడుగులదే కట్టండి వాచ్‌మన్ తోస్తాడుగా అని ట్రెజరర్ అంకుల్. నేను వాదన పెట్టుకోకుండా మెట్ల మీద ఆరడుగుల ప్లైవుడ్ చెక్క వేయించి అంకుల్‌నే కుర్చీలో కూర్చోమన్నా. సగం ఎక్కేసరికి ముందు చక్రాలు గాల్లోకి లేచాయి, వెనక వాచ్‌మన్ కాళ్ళు జారుతున్నాయి, అంకుల్ "ఆపరా బాబూ ఆపు" అని ఒకటే అరుపు. అక్కడికక్కడే జాగా ఓకే అయింది.

నున్నటి గ్రానైట్ వద్దని గరుకు పార్కింగ్ టైల్స్ వేయించాం, రెండు వైపులా రైలింగ్, చక్రం పక్కకి జారకుండా అంచున చిన్న గట్టు.

ఇంట్లో బాత్‌రూమ్ తలుపు లోపలికి తెరుచుకునేది, లోపల మనిషి పడిపోతే తలుపు తోయడానికి కూడా ఉండదు, దాన్ని తీసేసి బయటివైపు స్లైడింగ్ పెట్టించాం. గడప తీయించుదామంటే అమ్మ అస్సలు ఒప్పుకోలేదు, కార్పెంటర్ చేత రెండు వైపులా ఏటవాలు చెక్కలు చేయించాం, శుక్రవారం అవి పక్కకి తీసి పసుపు రాసుకుని మళ్ళీ పెట్టేస్తుంది.

వీల్‌చైర్ కొనేవాళ్ళు మాత్రం ముందు లిఫ్ట్ తలుపు కొలుచుకోండి. సీటు వెడల్పు కాదు, చక్రాల బయటివైపు చేత్తో తిప్పడానికుండే రిమ్ నుంచి రిమ్ దాకా చూడాలి, ఆ రిమ్ పట్టుకునే వేళ్ళకి కూడా చోటుండాలి.