పిచ్చిమొక్కలు అమ్ముకుంటున్నాను

"మావోడు కంప్యూటర్ల చెట్లు చేస్తడు, దేశంగాని దేశపోళ్లు కొంటరట" అని అమ్మ చుట్టాలకు చెబుతుంటుంది. నా పని గురించి ఇంతకన్నా బాగా నేనూ చెప్పలేను. గేముల్లో, సినిమా గ్రాఫిక్స్‌లో, ఇల్లు కట్టకముందే ఎలా ఉంటుందో చూపించే ఆర్కిటెక్చర్ బొమ్మల్లో కనిపించే చెట్టూ చేమా ఎవరో ఒకరు కూర్చుని చేసినవే. హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో కొన్నేళ్లు జీతానికి చేసి, తర్వాత నల్గొండకు తిరిగొచ్చి సొంతంగా చేసి అమ్ముకోవడం మొదలుపెట్టాను.

ఏ మొక్క చేయాలన్నది తేల్చుకోవడానికే చాలాకాలం పట్టింది. ఓక్, పైన్, మేపుల్ జోలికి పోదలచుకోలేదు. పాలీ హేవెన్ అనే సైటులో ఎవరు ఎందుకు వాడుకున్నా అడగని లైసెన్సుతో మంచి 3డీ మోడళ్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. అక్కడ లేనివి చెట్లు చేయడానికే ఉన్న స్పీడ్‌ట్రీ సాఫ్ట్‌వేర్‌తో చేసే పెద్ద టీముల దగ్గర దొరుకుతాయి. కానీ మన ఊరి రోడ్డు పక్కన ఒక సీన్ కట్టాలనుకోండి. జిల్లేడు కావాలి, తంగేడు కావాలి, ఉమ్మెత్త, సర్కారు తుమ్మ, వయ్యారిభామ కావాలి. అప్పట్లో నేను వెతికితే కనిపించినవి ఆకులు అతికించిన పుల్లల్లా ఉన్నాయి. ఎవరూ పట్టించుకోని పిచ్చిమొక్కలే నా సరుకని అప్పుడే అనుకున్నాను.

జిల్లేడుతో మొదలుపెట్టాను. దాని ఆకులు జంటలుగా వస్తాయి, ఒక జంటకు పైజంట అడ్డంగా తిరిగి ఉంటుంది. ఇదొక్కటి సరిగ్గా కుదిరితే దూరం నుంచి చూసినా జిల్లేడని తెలిసిపోతుంది. ఆకు మీద తెల్లటి బూడిదలాంటి పూత ఉంటుంది, వేలు తగిలితే చెరిగిపోతుంది. కాడ పట్టుకునే కోయాలి. కోయగానే పాలు కారతాయి, అవి కంట్లో పడితే ప్రమాదం. పాలు ఆరేదాకా ఆగి, ఆకును పాత స్కానర్ మీద ముందూ వెనకా స్కాన్ చేస్తాను. వెనకవైపు రంగు వేరు, ఈనెలు ఉబ్బి ఉంటాయి. ఈ వెనకవైపు వదిలేసేవాళ్లే ఎక్కువ. తర్వాత అదే ఆకును ఎల్‌ఈడీ ప్యానెల్ మీద పెట్టి ఫోటో తీస్తాను. ఎండ ఆకులోంచి ఎంత దిగుతుందో చెప్పే టెక్స్చర్, అంటే మోడల్ మీద పరిచే బొమ్మ, అందులోంచే వస్తుంది. అది లేకపోతే సాయంత్రపు ఎదురెండలో చెట్టంతా ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది. కొమ్మలూ కాండమూ బ్లెండర్ అనే ఉచిత 3డీ సాఫ్ట్‌వేర్‌లోనే, అందులోని జామెట్రీ నోడ్స్ అనే పనిముట్టుతో చేస్తాను. పైసా ఖర్చు లేదు.

లేత ఆకు, ముదురాకు, పురుగు కొట్టింది, ఎండి వేలాడేది అన్నీ ఒకే అట్లాస్‌లో, అంటే అన్ని ఆకులనూ పక్కపక్కన పేర్చిన ఒకే పెద్ద బొమ్మలో పెడతాను. అందంగా ఉన్న ఆకులతోనే చేసిన మొక్క నర్సరీ మొక్కలా ఉంటుంది తప్ప రోడ్డు పక్క మొక్కలా ఉండదు.

తాటిచెట్టు పిచ్చిమొక్కేమీ కాదుగానీ అది లేకుండా నల్గొండ సీన్ ఉండదు. కొలతల కోసం చెరువుకట్ట మీదికి వెళ్తే మోకు భుజాన వేసుకుని ఒక గౌడ తాత ఎదురయ్యాడు.

"ఏంది బిడ్డా, మట్టలకు ఫోటోలు తీస్తున్నవ్?"

"కంప్యూటర్ల బొమ్మ చెయ్యాలె తాతా. ఇది పోద్దాడేనా?"

"పోద్దాడే. కాయ కావాల్నంటే గా ఒడ్డుమీదికి వో, అది పండుతాడు. రెండిట్ల ఒక్కటే చేస్తే గీత గీసెటోడెవడూ నీ బొమ్మ మెచ్చడు."

అందుకే నా ప్యాక్‌లో రెండూ ఉన్నాయి. మగచెట్టు పోద్దాటికి సన్నటి పూగెలలు, ఆడచెట్టు పండుతాటికి కాయల గెలలు. మట్ట అంచున ఉండే నల్లటి రంపపు పళ్లు కూడా మెష్‌లోనే, అంటే మోడల్ ఆకారంలోనే చెక్కాను, దగ్గరి షాట్లలో అవి కనిపించాలి. ఆ చెట్టు కింద నిలబడి కొలుచుకోకుండా చేసినవాళ్ల మోడళ్లకు ఈ పళ్లు ఉండవు, కావాలంటే చూడండి.

చేసింది ఒక ఎత్తు, కొన్నవాడి కంప్యూటర్ మీద అది పరుగెత్తడం ఇంకో ఎత్తు. ఆకు చుట్టూ పారదర్శకంగా వదిలేసిన ఖాళీని కూడా గ్రాఫిక్స్ కార్డు గీస్తూనే ఉంటుంది. అందుకని ఆకు బొమ్మ అతికించే పలకను చతురస్రంగా వదలకుండా ఆకు అంచు వెంబడే కత్తిరించాలి. మోడల్‌ను కట్టే చిన్న ముక్కలు, అంటే పాలిగాన్లు, కొంచెం పెరిగినా మొత్తం మీద బరువు తగ్గుతుంది. దూరానికి తగ్గట్టు తేలికయ్యే వెర్షన్లు, గాలికి ఎక్కడ ఎంత ఊగాలో మోడల్ బిందువులకు వేసే రంగులతో చెప్పే వర్టెక్స్ కలర్లు, మీటర్లలో కొలత, మొక్కను పట్టుకుని తిప్పే బిందువైన పివట్ మొదలు దగ్గరే ఉండాలి. ఇవి కొనేవాడు మెచ్చుకోడు. లేకపోతే మాత్రం ఒక్క స్టార్ ఇస్తాడు.

పేరు పెట్టడం కూడా పనే. శాస్త్రీయనామం తప్పనిసరి. సర్కారు తుమ్మను ప్రోసోపిస్ జూలిఫ్లోరా అని పెట్టాను. అది అమెరికా ఖండాల నుంచి వచ్చి మనల్ని ఆక్రమించినట్టే తూర్పు ఆఫ్రికానూ ఆక్రమించింది. కెన్యాలో దాన్ని మాతెంగే అంటారు, ఆ మాటనూ కీవర్డుల్లో చేర్చాను. వయ్యారిభామ ఆస్ట్రేలియా, ఇథియోపియాల్లో కూడా బెడదే. నా సరుకులో బాగా పోయేది ఇదే. కొనేవాళ్లలో మనవాళ్లు తక్కువ. మన రైతు గట్టు మీద తిట్టుకుంటూ పీకే మొక్కకు డాలర్లు వస్తున్నాయంటే నాకే నవ్వొస్తుంది.

ఎక్కడ అమ్మాలంటే ఒక్కచోటే కూర్చోకండి. గేముల కంపెనీ ఎపిక్ వాళ్ల అమ్మకాల సైటు ఫ్యాబ్ 2024 అక్టోబరులో మొదలైంది, వాళ్లు 12 శాతం ఉంచుకుని మిగతాది మనకిస్తారు. సీజీట్రేడర్, గమ్‌రోడ్ లాంటివీ ఉన్నాయి. ఒకచోట మాత్రమే అమ్ముతానని రాసిస్తే వాటా పెంచే సైట్లున్నాయి, నేను ఒప్పుకోలేదు. రివ్యూ కోసం ఒక సైటులో నా ఫైలు నెలల తరబడి పడి ఉంది. ఆలోగా మరోచోట అదే ప్యాక్ అమ్ముడుపోయింది.

డబ్బు వచ్చే దారిలో కాగితాలు తప్పవు. అమెరికా సైట్లు డబ్ల్యూ-8బెన్ ఫారం, అంటే మనం అమెరికా వాళ్లం కాదని చెప్పే పన్ను కాగితం, అడుగుతాయి. అందులో పాన్ నంబరు ఇచ్చి, రెండు దేశాల పన్ను ఒప్పందం కింద రాయల్టీ రేటు క్లెయిమ్ చేసుకోవాలి. లేకపోతే అమెరికా ఆదాయంగా లెక్కేసిన భాగంలో 15 శాతానికి బదులు 30 శాతం కోత పడుతుంది. సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో ఏడాది చివరితో ఆ ఫారం గడువు అయిపోతుంది, ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. అక్కడ కోసినదాన్ని ఇక్కడి రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. మా ఊళ్లో ఆడిటర్ గారికి ఇది కొత్త, ఇద్దరం కలిసి కూర్చుని చదువుకున్నాం. విదేశీ జమ పడ్డప్పుడల్లా బ్యాంకు నుంచి రెమిటెన్స్ కాగితం తీసుకుని దాచాలి. జీఎస్టీ సంగతి మాత్రం మీ ఆడిటర్‌నే అడగండి, ఒక్కొక్కరి లెక్క ఒక్కో రకం.

దీంతోనే బతకొచ్చా అంటే, నేనింకా స్టూడియోలకు ఫ్రీలాన్స్ చేస్తూనే ఉన్నాను. ఒక నెల ఇంటద్దె ఈ మొక్కలే కడతాయి, ఇంకో నెల కరెంటు బిల్లు దగ్గరే ఆగిపోతాయి. పాత ప్యాకులు మాత్రం నేను ముట్టుకోకపోయినా అమ్ముడవుతూనే ఉంటాయి.

ఇప్పుడు మోదుగ మీద ఉన్నాను. ఆకు రాల్చాక పూస్తుంది కాబట్టి ఆకులతో ఒకటి, పూలతో ఒకటి వేరువేరుగా చేయాలి. ఆకులు స్కాన్ చేసి పెట్టుకున్నాను. పూలు ఫాల్గుణంలో.