బరువులు ఎత్తడం సులువే, తినడమే కష్టం

ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే నడవడం నాకు ఎప్పటి నుంచో అలవాటు. అయినా 46 ఏళ్లకే మెట్లెక్కితే మోకాళ్లు పట్టేసేవి, షుగర్ బార్డర్‌కొచ్చింది. "నడక గుండెకు మంచిదే, కండకు చాలదు. బరువులెత్తండి" అన్నారు డాక్టరమ్మ. అన్నం తిన్నాక రక్తంలో చేరే చక్కెరలో పెద్ద వాటాను లాగేసుకునేది కండలేనట. వయసుతో పాటు అవి కరిగిపోతుంటే షుగర్ పెరగక ఏం చేస్తుంది?

అనంతపురం సాయినగర్‌లో ఒక జిమ్‌లో చేరాను. చుట్టూ ఇంజినీరింగ్ కుర్రాళ్లే. ట్రైనర్ ఖాళీ రాడ్డును రెండు దిమ్మెల మీద పెట్టి ఎత్తమన్నాడు. రెండు చివర్లా తగిలించే బరువు ప్లేట్లు లేకుండానే 20 కిలోలు, ఇంటికొచ్చే వాటర్ క్యాన్ అంత. "నడుముతో లాగద్దక్కా, పాదాలతో నేలను తొక్కు" అన్నాడు. అట్లా చేస్తే నిజంగానే లేచింది.

మొదటి నెలలోనే రాడ్డుకు ప్లేట్లు చేరాయి గానీ, జాకెట్ చేతులు మాత్రం కొంచెమైనా బిగుతు కాలేదు. మొదట్లో పెరిగేది ఎక్కువగా కండ కాదు, దాన్ని వాడుకునే నేర్పు. అప్పటిదాకా ఊరికే కూర్చున్న కండపోగులను మెదడు పనిలోకి పిలుస్తుంది. మొరిటానీ, డెవ్రీస్ అనే ఇద్దరు పరిశోధకులు 1979లోనే దీన్ని కొలిచి చూపించారు. కండ లావెక్కడం ఆ తర్వాతి సంగతి. అందుకు బరువు కొంచెం కొంచెంగా పెంచుతూ పోవాలి. 1.25 కిలోల చిన్న ప్లేట్లు ఉన్నది దానికే. మా కుర్రాళ్లకు వాటిని ముట్టుకోవడం నామోషీ. నేనేమో రోజూ బెంచీల కింద వెతుక్కుంటాను.

అసలు తంటా వంటింట్లో మొదలైంది. జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. కండ పెరగాలంటే 1.6 గ్రాముల దాకా లాభం ఉంటుందని 49 ప్రయోగాలను కలిపి చూసిన 2018 నాటి పరిశీలన చెప్పింది. నా బరువు 60 కిలోలు, అంటే 96 గ్రాములు. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం నీళ్ల పప్పు, రాత్రి సంగటి తినే ఇంట్లో అంత ఎక్కడ్నుంచి తెచ్చేది?

"ఇంటి నిండా శెనక్కాయలు పెట్టుకుని గుడ్లు కొనేదేంది?" అంది అత్తమ్మ. న్యాయమైన ప్రశ్నే. వంద గ్రాముల గింజల్లో 25 గ్రాముల ప్రొటీన్ ఉంది. కానీ బరువులో దాదాపు సగం నూనె, 560 క్యాలరీల పైమాటే. అదే ప్రొటీన్ నాలుగు గుడ్లలో 300 క్యాలరీలకే వస్తుంది. శెనక్కాయ మన పంటే, కాదనను. చట్నీ వరకు సరే.

చివరికి కుదిరిన లెక్క ఇది: మూడు గుడ్లకు 18 గ్రాముల ప్రొటీన్, యాభై గ్రాముల మీల్ మేకర్‌కు 26, గట్టి పప్పుకు 11, సాయంత్రం అలసంద గుగ్గిళ్లకు 12, గ్లాసు పాలకు 8. మిగతాది అన్నం, సంగటిలో వచ్చేస్తుంది. మీల్ మేకర్‌ను వేడినీళ్లలో నానబెట్టి, రెండుసార్లు గట్టిగా పిండి, ఎర్రకారంలో వేయిస్తే ఆ పచ్చివాసన పోతుంది. కుర్రాళ్లు చెప్పే ప్రొటీన్ పౌడర్ డబ్బాలో ఉండేది, పాలు విరిగితే మిగిలే నీళ్లలోని ప్రొటీనే, మాయేం లేదు. వీలుంటే తాగొచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడక్కుండా ఇంత ప్రొటీన్ జోలికి పోకూడదు. నాకూ ముందు కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ టెస్ట్ చేయించారు.

బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో 90 ఏళ్ల వాళ్లతో ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తిస్తే బలం సగటున రెండున్నర రెట్లు దాటిందని 1990లో అచ్చయిన సంగతి అత్తమ్మకు చెప్పాను.

"పనీపాటా లేని ముసలోళ్లు" అని కొట్టిపారేసింది. ఈమధ్య మాత్రం టీవీ చూస్తూ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేస్తోంది, అడిగితే ఒప్పుకోదు. ఆమెకు రెండో గుడ్డు తినిపించడం ఇంకా నా వల్ల కాలేదు.