ఆరింటిలో ఒక్కటే రాబడి

ఇంటర్ చదువుతున్న మా అమ్మాయికి కిరణజన్య సంయోగక్రియ పాఠం చెబుతూ, ఒకప్పుడు పరీక్ష కోసం బట్టీపట్టిన కాల్విన్ వలయాన్ని, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను మొక్క చక్కెరగా మార్చుకునే చర్యల వరుసను, ఈ వారం నిదానంగా చదివాను. రుబిస్కో అనే ఎంజైము మూడు కార్బన్ డయాక్సైడ్ అణువులను ఐదు కార్బన్ల చక్కెర ఫాస్ఫేట్ అణువులు మూడింటికి జతచేస్తే, మూడేసి కార్బన్లున్న ఆరు ఫాస్ఫోగ్లిసరిక్ ఆమ్ల అణువులు ఏర్పడతాయి. కాంతి చర్యలో తయారైన ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్ అనే శక్తిని మోసే అణువుల సాయంతో అవి చక్కెర ఫాస్ఫేట్లుగా మారాక, ఆరింటిలో ఒక్కటే మొక్కకు మిగులుతుంది. తక్కిన ఐదూ వలయాన్ని మళ్లీ నడపడానికే ఖర్చవుతాయి. పంటలో ఇంత భాగాన్ని విత్తనానికి తీసిపెట్టే రైతు ఎక్కడా ఉండడు!

జాడ పట్టడానికి వీలైన రేడియోధార్మిక కార్బన్-14 అందించిన శైవలాలను (నాచును) క్షణాల వ్యవధిలో వేడి ఆల్కహాల్‌లోకి జార్చి ఈ దారిని కనిపెట్టినందుకు 1961లో శాస్త్రవేత్త మెల్విన్ కాల్విన్‌కు నోబెల్ వచ్చింది. ఆ ప్రయోగాల్లో కీలకంగా పనిచేసిన బెన్సన్, బాషమ్‌లకు అందులో వాటా దక్కకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.